పేరు పెట్టని కొడుకు

"స్వామీ, చూసినవాళ్ళంతా దడుచుకునే రూపంతో ఒక బిడ్డ పుడితే, అందులో కన్నవాడి తప్పేముంది?" అని పానకాలు ఒకనాటి ఉదయం తన గురువు బసవలింగయ్యగారిని అడిగాడు. ఎవరి బిడ్డో చెప్పలేదు. పది నెలల కిందట పుట్టింటి నుంచి భార్య కబురు పంపితే వెళ్ళి, సగం మొహం నల్లటి మచ్చతో, దాని మీద బొచ్చుతో పుట్టిన కొడుకును గడప అవతలి నుంచే ఒక్క చూపు చూసి, ఆ వారంలోనే ఆశ్రమానికి వచ్చేశాడు. ఆ సంగతి ఇక్కడెవరికీ తెలియదనే అతని నమ్మకం.

గురువుగారికి జవాబు చెప్పడం కన్నా పని చెప్పడం అలవాటు. "పాడుబడ్డ కోటలో కొండడని ఒకడు బుట్టలల్లుతుంటాడు. పూలబుట్ట ఒకటి పట్టుకురా. ఈ జంతికల డబ్బా వాడికియ్యి" అన్నారు.

కోటలో బ్రహ్మరాక్షసుడున్నాడని ఊళ్ళో చెప్పుకోవడం పానకాలు విన్నదే. మిట్టమధ్యాహ్నమే అయినా అటూ ఇటూ చూసుకుంటూ బురుజు దాటాడు. కూలిన గోడ వెనక నుంచి ఒక భారీ మనిషి లేచి నిలబడ్డాడు. మొహం సగం నల్లగా, బొచ్చుతో ఉంది. పానకాలు వెనుదిరిగి పరుగు లంకించుకున్నాడు. పది అడుగులకే రాయి తగిలి బోర్లా పడ్డాడు.

కొండడు వచ్చి లేవదీశాడు. "నన్ను చూసి పరిగెత్తినవాళ్ళు చాలామందే ఉన్నారు బాబూ. పడ్డా కూడా చేతిలో డబ్బా వదలనిది మీరొక్కరే" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూసి పానకాలుకూ నవ్వొచ్చింది. ఇద్దరూ గోడ నీడన కూర్చుని జంతికలు పంచుకున్నారు.

"నేను పుట్టిన మూడోనాడే మా అయ్య నన్నీ కోట గుమ్మంలో వదిలేశాడట. మేకలు కాసుకునే ముసలమ్మ పెంచింది. కొండడని పేరు పెట్టిందీ ఆవిడే."

"మీ అయ్య మీద కోపం లేదా?"

"ఊరు దడుచుకుందంటే సరే, ఊరికి నేనేమవుతాను? ఆయన కాస్త ఓపిక పట్టి ఎత్తుకుని ఉంటే అలవాటైపోయేది. ముసలమ్మకి రెండు రోజులే పట్టిందట." కొండడు చేతులు దులుపుకుని బుట్ట అంచు అల్లడం మొదలుపెట్టాడు. "మీకు పిల్లలున్నారా బాబూ?"

"ఒక కొడుకు."

"ఏం పేరు?"

పానకాలు నోట్లో జంతిక నమలడం మానేశాడు. కొండడు మరి అడగలేదు. పూలబుట్ట చేతికిచ్చి, బురుజు దాకా తోడొచ్చి సాగనంపాడు.

ఆ సాయంత్రమే పానకాలు మూట కట్టుకుని గురువుగారికి నమస్కరించాడు. అత్తవారి ఊరు వెళతానన్నాడు. కొడుకు సంగతంతా చెప్పేశాక, చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది.

"మావాడికి మంచి పేరేదైనా మీరే చెప్పండి స్వామీ."

గురువుగారు చిరునవ్వు నవ్వారు. "నేను వాణ్ణి చూడలేదు కదా నాయనా. నువ్వూ ఇంకా చూడలేదు."