ఎరుపును తిన్న ఊకబొగ్గు

అనగనగా ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరికి ఒక రాజు. ముందు ఏరు, ఆ తరువాతే రాజు. ఈ వరుస గుర్తుంచుకోండి పిల్లలూ, మరచిపోయినవాళ్ళు ఎంత అవస్థ పడ్డారో చెబుతాను.

ఆ ఊరు మంజిష్ఠపురం. అక్కడి అద్దకంవారి వీధిలో రంగు వేసిన ఎర్రచీరలంటే దేశదేశాల్లో మోజు. ఆ వీధికి పెద్ద ఓబుళమ్మ. ఆవిడ తొట్టిలో మునిగిన చీర చిరుగుతుందే కాని వెలవదని పేరు. పని బంగారం, నోరు మాత్రం నిప్పు. ఏటా కొత్త తొట్టి కట్టిన రోజున ఆవిడ ఎర్రరంగులో చెయ్యి ముంచి, తొట్లకొట్టం గడప పక్క గోడమీద ముద్ర వేసేది. ఆ గోడనిండా వీధిపెద్దల ఎర్రచేతులే.

ఆ వీధిలో ఒక కట్టడి ఉండేది. మసి అంటిన చెయ్యి తొట్లకొట్టం గడప దాటకూడదు. బొగ్గు రంగును తినేస్తుందని తాతలనాటి మాట.

ఓబుళమ్మ కోడలు నాంచారికి ఈ సంగతి తెలియదు. ఆ పిల్ల పుట్టిల్లు ఉప్పుడు బియ్యం చేసే ఇల్లు. అక్కడ వడ్లు ఉడకబెట్టడానికి ఊకే వంటచెరకు. కాపురానికి వచ్చిన కొత్తలో నాంచారి ఇక్కడా ఊక పొయ్యే పెట్టుకుంది. ఒకనాడు అందులోంచి తీసిన ఊకబొగ్గును గంపకెత్తుకొని, దగ్గర దారి కదా అని తొట్లకొట్టంలోంచి పోతూ కాలు జారింది. గంపెడు బొగ్గూ ఎర్రతొట్టిలో పడింది. తెల్లారి చూస్తే ఏముంది? మందారంలాంటి రంగు కాస్తా కడుగునీళ్ళలా తేలిపోయింది.

"నీ చేతులు పడిపోను! నా తొట్టి గొంతు కోశావు కదే!" అని ఓబుళమ్మ వీధి దద్దరిల్లేలా అరిచింది. ఆనాటి నుంచి నాంచారికి ఆ గడప తొక్కే వీల్లేదు. వాకిట్లో ఊక పొయ్యి, పక్కన బొగ్గు కుప్ప, అంతే ఆ పిల్ల లోకం.

సరే, తొట్లలో మిగిలిన రంగునీళ్ళు ఎక్కడికి పోయేవి? ఇంకెక్కడికి, ఏట్లోకే! తాతలనాడు తొట్లు తక్కువ, ఏటినిండా నీళ్ళు. గడిచిపోయింది. ఇప్పుడు తొట్లు పెరిగాయి, ఏరు చిక్కిపోయింది. దిగువ పల్లెలో చేపలు చచ్చి తేలాయి. ఎవరూ పట్టించుకోలేదు. ఒకనాడు కాటమయ్య అనే గొల్ల, చచ్చిన దూడను భుజాన మోసుకొచ్చి రాజుగారి కొలువులో దించాడు.

"ప్రభూ, దీన్ని ఏటికి తోలుకుపోయి నీళ్ళు తాగించింది నేనే. రేపు నా బిడ్డలు తాగాల్సిందీ ఆ నీళ్ళే" అన్నాడు.

రాజు అద్దకంవారిని పిలిపించాడు.

"పున్నమికి నేనే వస్తాను. మీ వీధి కాలువలోంచి ఏట్లోకి దిగే నీటిలో చేప బతకాలి. బతికితే మీ తొట్లు మీవి. చచ్చిందా, తొట్లు పగలగొట్టిస్తాను, మీరు పొలిమేర దాటాలి."

తొట్టి పోతే ఓబుళమ్మకు మిగిలేదేముంది? బుద్ధెరిగినప్పటి నుంచి వేరే పని తెలియదు.

"నీళ్ళను ఏట్లోకి పోనివ్వకపోతే సరి" అని ముందు వీధి వెనక పెద్ద గొయ్యి తవ్వించింది. గొయ్యి నిండింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆ తరువాత వాళ్ళ మంచినీళ్ళ బావిలో చేద వేస్తే, పైకొచ్చిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి! ఎవరు తవ్విన గోతిలో వారే పడడమంటే ఇదే.

"అయితే వడగడదాం" అన్నారు. దేనితో? బట్టతో! వాళ్ళకు తెలిసిన లోకమంతా బట్టే మరి. పొరలమీద పొరలు వేసి, కాలువకు అడ్డంగా బిగించి కట్టారు. రంగు పట్టించడమే వృత్తిగా బతికినవాళ్ళు, బట్ట రంగును ఆపుతుందని ఎలా అనుకున్నారో! బట్టా ఎర్రబడింది, నీళ్ళూ ఎర్రగానే పారాయి.

చందమామ పెరుగుతున్నాడు. రాజభటులు సమ్మెటలు తెచ్చుకొని వీధి మొగలోనే మకాం పెట్టారు. పొద్దస్తమానం ఆ ఇనుప సమ్మెటలు కనబడుతుంటే ఓబుళమ్మకు ముద్ద దిగడం లేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని అనిపించేది.

అలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుండగా, నాంచారి బొగ్గు గంప ఎత్తుకొని వాకిట్లో అడ్డం వచ్చింది.

"అటు పోకే! తొట్ల దగ్గరికి పోకు! అది రంగును తినేస్..."

ఓబుళమ్మ మాట నోట్లోనే ఆగిపోయింది.

అది రంగును తినేస్తుంది. ఎన్నేళ్ళుగా ఆ మాట అంటోంది! తిట్టేటప్పుడు అంది, బెదిరించేటప్పుడు అంది. ఒక్కసారైనా ఆలోచించిందా? పెరటి చెట్టు మందుకు రాదంటారు. ఇది పెరట్లో కూడా కాదు, ముంగిట్లోనే కుప్పగా పడి ఉంది.

అడగాలంటే ఓబుళమ్మకు ప్రాణం మీదికొచ్చింది. నలుగురిలో తిట్టిన కోడలు ఆయె. అయినా దగ్గరికి వెళ్ళి, "అమ్మా నాంచారీ, నీ బొగ్గు నాకు కావాలే" అంది.

నాంచారి గంప దించి, అత్త ముఖంలోకి చూసింది. "నా చేతులింకా పడిపోలేదులే అత్తమ్మా. ఏం చెయ్యాలో చెప్పండి" అంది.

ఓబుళమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది.

గంపలకొద్దీ బొగ్గు కాలువలో గుమ్మరించారు. నీళ్ళు నల్లగా, బూడిద తేలుతూ పారాయి. "బాగుంది! ఎరుపు పోయి నలుపొచ్చింది" అని వీధివాళ్ళు నెత్తి కొట్టుకున్నారు. రేపే పున్నమి.

"అన్నం తినేముందు మనం చేతులు కడుక్కోమా? దాన్నీ కడగాలి" అంది నాంచారి. కాలువలో పోసిన బొగ్గంతా తోడించి, బియ్యం కడిగినట్టు తేటనీళ్ళు వచ్చేదాకా కడిగించింది. కుండల అడుగున చిల్లులు పెట్టి, కింద ఇసుక, పైన బొగ్గు దట్టించి, కుండమీద కుండ నిలబెట్టించింది. "నెమ్మదిగా పొయ్యండి. హడావిడిగా పోస్తే తినదు" అంటూ వీధివీధంతా తిరిగింది. పై కుండలో ఎర్రగా పోసిన నీళ్ళు కింద కుండలోంచి తేటగా బొట్టుబొట్టుగా కాలువలోకి దిగాయి.

పున్నమి పొద్దున రాజు వచ్చాడు. కాలువ చివరి నీళ్ళు గాజుగిన్నెలో పట్టి వెలుగుకు ఎత్తి చూశాడు. మచ్చుకైనా రంగు లేదు.

"భేష్! ఇక చాలు, మీరు గెలిచారు" అన్నాడు.

వీధంతా ఊపిరి పీల్చుకుంది. ఓబుళమ్మ మాత్రం ముందుకొచ్చి చేతులు జోడించింది.

"చాలదు ప్రభూ. కంటిని నమ్మించడం మా వృత్తిలోనే ఉంది. తేటగా ఉన్నదల్లా మంచినీళ్ళు కావు. చేపను వదలమనండి."

"నీకేమైనా మతి పోయిందా?" అని వెనక ఎవరో పళ్ళు కొరికారు. భటులు సమ్మెటలు భుజాలకెత్తారు.

దిగువ పల్లె నుంచి వచ్చిన కాటమయ్య, తను తెచ్చిన చేపపిల్లను గిన్నెలో వదిలాడు. అది గిరుక్కున తిరిగి అడుగుకు పోయింది. అక్కడే ఉండిపోయింది. కదలదు, మెదలదు. నాంచారి అత్త చెయ్యి పట్టుకుంది. ఎంతసేపు చూసినా చేప అలాగే ఉంది.

కాటమయ్య తన కండువా కొంగున ఉన్న మరమరాల్లోంచి ఒకటి తీసి నీళ్ళమీద వేశాడు.

చేప తోక ఆడించింది. పైకొచ్చి, టుపుక్కున ఆ గింజను అందుకొని మింగింది!

కాటమయ్య దోసిలితో ఆ కాలువ నీళ్ళు తీసుకొని కళ్ళకద్దుకొని ఏడ్చాడు. రాజు సమ్మెటలు దించమని సైగ చేశాడు.

"ఇది ఎవరి తెలివి?"

"మా ఓబుళమ్మదే ప్రభూ!" అని వీధివాళ్ళు ఒక్క గొంతుతో అన్నారు.

"కాదు" అంది ఓబుళమ్మ. "నేను గడప బయట నిలబెట్టిన పిల్లది. కుప్పగా పారబోసిన బొగ్గుది."

"మరి రంగు తిన్న ఆ బొగ్గును ఏం చేస్తారు?" అని రాజు నాంచారిని అడిగాడు.

"ఇటుక బట్టీలో కాల్చేస్తాం ప్రభూ. ఏట్లో పారేస్తే తిన్నదంతా అక్కడే కక్కుతుంది."

ఆ రోజే ఓబుళమ్మ కోడలిని తొట్లకొట్టానికి తీసుకువెళ్ళింది. నాంచారి అలవాటుగా గడప బయటే ఆగిపోయింది. కాళ్ళు చేతులు కడుక్కోబోతే అత్త ఆపింది. మసి చేతినే పట్టుకొని గోడమీద నొక్కింది.

ఎర్రచేతుల వరుసలో ఒక నల్లచెయ్యి నిలిచింది.

కాబట్టి పిల్లలూ, వస్తువు కానివ్వండి, మనిషి కానివ్వండి, పనికిరాదని బయటికి నెట్టేముందు అది ఏ పనికి పుట్టిందో ఒక్కసారి అడిగి తెలుసుకోవాలి.