గంటల లెక్క

సువర్చల తొలి అష్టావధానానికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. ఆహ్వానపత్రాలు అచ్చయి వచ్చేశాయి కూడా. ఆ పూట ఆమె శేషావధాని గారి అరుగెక్కి, కూర్చోకుండానే, "నా పేరు తీసేయండి గురువుగారూ" అంది.

ఆయన వక్క కత్తిరిస్తున్నవారు కాస్తా ఆగారు. "అచ్చయిన పేరు ఎలా తీస్తారమ్మా? ముందు కూర్చో."

కూర్చుంది. పక్కనే వాళ్ళన్నయ్య భార్గవ కూర్చున్నాడు. ఒకప్పుడు ఇదే అరుగు మీద ఆమెకంటే ముందు అవధానం నేర్చుకున్నవాడే. ఇరవయ్యో ఏట స్కిజోఫ్రీనియా వచ్చింది. మందులతో ఇప్పుడు నిమ్మళంగానే ఉంటాడు గానీ, విన్నమాట ఐదు నిమిషాలు నిలవదు. చెల్లెలు ఎక్కడికెళ్తే అక్కడికి వస్తాడు, పాపం.

"మా ఇద్దరికీ జన్యుపరీక్ష చేశారు," అంది సువర్చల. "అన్నయ్య జన్యువుల్లో ఒక చిన్న ముక్క లేదట. చాలా అరుదట. నాలోనూ అదే ముక్క లేదు."

"నీకూ జబ్బు వస్తుందన్నారా?"

"రాకపోవచ్చన్నారు. కానీ జబ్బు రాకపోయినా జ్ఞాపకం, లెక్క కాస్త తగ్గొచ్చట. అది సగటు మాట, నీ ఒక్కదాని సంగతి చెప్పలేం అన్నారు. నాకు తెలుస్తూనే ఉంది. మొన్న సాధనలో రెండుసార్లు గంటల లెక్క తప్పాను. ఆదివారం సభలో తప్పితే..."

అవధానంలో అదో చిక్కు. ఏడుగురు ఏడు రకాల ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేస్తుంటే, ఎనిమిదో ఆయన తోచినప్పుడల్లా గంట కొడుతుంటాడు. పద్యాలు చెబుతూనే ఎన్ని గంటలు మోగాయో మనసులో పట్టుకోవాలి.

అవధాని గారు మందలించనూ లేదు, ఓదార్చనూ లేదు. లోపలికెళ్ళి ఇత్తడి గంట తెచ్చి భార్గవ చేతిలో పెట్టారు.

"తోచినప్పుడు కొట్టు నాయనా."

భార్గవ బెదిరిపోయాడు. "నాకు లెక్క నిలవదు గురువుగారూ."

"నీకు వీలైన దారి నువ్వు చూసుకో."

అతను లేచెళ్ళి, గూట్లో వామనగుంటల పీట పక్కనున్న చింతగింజలు రెండు గుప్పెళ్ళు తెచ్చుకున్నాడు.

సాధన మొదలైంది. అవధాని గారే ఏడుగురూ అయ్యారు. సమస్యలిచ్చారు, అక్షరాలు వద్దన్నారు, నడుమ నడుమ మాగాయ గురించి అడ్డదిడ్డంగా అడిగి నవ్వించబోయారు. గంట మోగినప్పుడల్లా భార్గవ ఒక గింజ పక్కన పెట్టాడు. కళ్ళు మూసుకుని పద్యాల వెంట పడ్డ సువర్చలకి ఆసుపత్రి సంగతే గుర్తురాలేదు. చివర్న నాలుగు పద్యాలూ పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"గంటలు?"

"పద్దెనిమిది," అంది బెరుగ్గా.

భార్గవ గింజలు ఒక్కొక్కటే వేలితో జరిపి చూశాడు. "పందొమ్మిది."

"చూశారా," అంటూ ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అవధాని గారు తాపీగా వక్కపలుకు నోట్లో వేసుకున్నారు. "నాకు పదిహేడే వచ్చాయి. నన్ను ఏ పరీక్ష చేయించుకోమంటావు?"

ఊరంతా నెత్తిన పెట్టుకున్న అవధాని ఆయన. సువర్చల తేరిపార చూసింది. ఊరడించడానికి అన్న మాటలా లేదు.

"సభల్లో కూడా తప్పారా?"

"చాలాసార్లు. ఆ పూటల్లో చెప్పిన పద్యాలు మాత్రం ఇప్పటికీ జనం చదువుతూనే ఉంటారు."

భార్గవ గంటని ఒళ్ళో పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా, "ఆదివారం కూడా నేనే కొట్టొచ్చా?" అన్నాడు. అలా నోరు తెరిచి ఏదైనా అడిగి ఎన్నేళ్ళయిందో.

"అవధానం నీ చెల్లెలిది. తనేమో పేరు తీసేయమంటోంది," అన్నారు అవధాని గారు.

సువర్చల అన్నయ్య ముందుకు జరిగింది. ఆదివారం అతను ఇంటి దగ్గర మర్చిపోతాడేమోనని, చింతగింజలన్నీ ఏరి చున్నీ కొసన గట్టిగా ముడేసుకుంది.