వేడిదీపానికి చిక్కని గాలి

కాలేజీ ప్రయోగశాల వెనక తుప్పల్లో కాపురముండే ముళ్ళపంది అత్తకి చెప్పిందే చెప్పాలంటే ఒళ్ళుమంట. అయినా చెప్పక తప్పేది కాదు, పొరుగున ఉన్నది మతిమరుపు కుందేలు మరి.

ఆ తుప్పల్లో ఒక ఆచారం ఉంది. ఏ బొరియలోకైనా పిల్లల్ని దించే ముందు, ప్రయోగశాల వాళ్ళు పారేసిన వేడిదీపాన్ని దాని ఒక నోటి దగ్గర పెట్టాలి. రెండో నోటి దగ్గర అత్త ముక్కు ఆనించాలి. వేడి తగ్గిందంటే లోపల ఊపిరాడనివ్వని బొగ్గుపులుసు గాలి, అదే కార్బన్ డయాక్సైడ్, చేరి ఆ వేడిని మింగేస్తోందన్నమాట.

ఆ రోజు మబ్బు కమ్మింది. కుందేలుకి కళ్ళయినా తెరవని నాలుగు కూనలు, వాన రాకముందే బొరియలోకి దించాలి. అంతలో ఆ కూనల మీద కన్నేసిన నక్క ఊడిపడింది.

"కోడలా, నీ బొరియలో చెమ్మ వాసన కొడుతుంటే చూడలేక ప్రయోగశాల సిలిండరు గొట్టం పెట్టి అచ్చమైన నత్రజని నింపాను. అనుమానముంటే పరీక్ష చేయించుకో!"

అత్త ముక్కు ఆనించింది. వేడి ఏమాత్రం తగ్గలేదు.

"పాసైంది!" అని కుందేలు ఎగిరి గంతేసింది.

"ఆగవే తల్లీ! నత్రజని ఈ దీపానికి చిక్కదు."

"నువ్వు పెట్టిన పరీక్షే కదత్తా!"

"నేనే పెట్టాను, నా ఖర్మ! విను. అణువు ఊగేటప్పుడు దానిలో విద్యుత్తు మొగ్గు, అంటే ఏ పక్క ఎక్కువ ఏ పక్క తక్కువ అన్నది, మారాలి. అప్పుడే వేడికిరణానికి పట్టు దొరుకుతుంది. నత్రజని అణువులో ఉన్నది రెండు పరమాణువులు, ఇద్దరు కవలలు. దగ్గరికి జరిగినా దూరం జరిగినా ఇద్దరి బలం ఒకటే, మొగ్గు ఎటూ మారదు. కిరణం దాని దారిన అది పోతుంది."

"బొగ్గుపులుసు గాలిలోనూ బొగ్గుకి చెరోపక్కా ఉన్న ప్రాణవాయువు సమానమేనని నువ్వేగా చెప్పావు?"

"అబ్బ, అది మాత్రం గుర్తుంది! రెండు పక్కలూ ఒక్కలా సాగితే అదీ చిక్కదే. కానీ అది నడుం వంచుతుంది. ఒక పక్క సాగి రెండో పక్క ముడుచుకుంటుంది. అప్పుడు మొగ్గు మారి కిరణాన్ని మింగుతుంది. నత్రజనికి వంగడానికి నడుమేదీ?"

"ముసల్దాని చాదస్తం!" అని నక్క నవ్వింది. "మనం పీల్చే గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజనే కదా!"

కుందేలు కూనని కరుచుకుని కదిలింది. అత్తకి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముళ్ళు విప్పి బొరియకి అడ్డం నిలబడింది.

"మనల్ని బతికించేది ఆ మిగిలిన ఒక్క వంతులో ఉన్న ప్రాణవాయువే. అది లోపల లేదు! అంత మంచి గాలైతే నీ నక్క మావని ముందు దిగమను."

నక్క ఊపిరి బిగబట్టి దూరింది. నోరు మూసుకుని తిరిగొస్తే సరిపోయేది. పొగరు ఊరుకోనిస్తేగా! "చూశారా, ఎంత హాయిగా..." అంటూ గాలి పీల్చింది. రెండు గుక్కలకే కాళ్ళు మడతపడ్డాయి.

అత్త దాని తోక పట్టి బయటికి ఈడ్చింది. తెలివొచ్చాక నక్క ఎవరి మొహమూ చూడకుండా తుప్పలు దాటి పోయింది.

కుందేలు కూనని కింద పెట్టి, "మరి పరీక్ష పాసైంది కదత్తా?" అంది.

అత్త తల పట్టుకుంది. "ముందు కూనల్ని నా బొరియలోకి చేర్చు. మళ్ళీ మొదట్నుంచీ చెబుతాను."

నీతి: పరీక్షలో ఏమీ చిక్కలేదని సంబరపడే ముందు, ఆ పరీక్షకి ఏది చిక్కుతుందో తెలుసుకోవాలి.