ఇంటర్వ్యూలో నవ్వు

పుండరీకంగారిని ఏదడిగినా తిన్నగా జవాబు చెప్పరు. "పద, చూద్దాం" అంటారు. నలభై ఏళ్లు హోటళ్లు నడిపిన మనిషి. భీమిలి చుట్టుపక్కల మేనేజర్లలో సగంమంది ఆయన శిష్యులే. నేనూ ఒకణ్ణి.

ఒకరోజు నా ఎదుటే, ఆయన దగ్గరే పని నేర్చుకున్న కాత్యాయని ఆయన్నడిగింది: "గురువుగారూ, మా హోటల్లో పదకొండేళ్లుగా నేను అసిస్టెంట్ మేనేజర్నే. మేనేజరు పోస్టు రెండుసార్లు ఖాళీ అయింది, రెండుసార్లూ నాకంటే వెనకొచ్చినవాళ్లకిచ్చారు. ఆడదాన్నని పక్కన పెడుతున్నారా, లేక నాదే అనుమానపు బుద్ధా? రేపు మళ్లీ ఇంటర్వ్యూ. ఈసారీ రాకపోతే మానేస్తాను."

నాకు ఆవిడ మీదే అనుమానం వచ్చింది. పోస్టు రానివాళ్లు ఏదో ఒక వంక చెబుతారు. నాకు రానప్పుడు నేనూ చెప్పాను. గురువుగారు మాత్రం "పద, చూద్దాం" అన్నారు.

మర్నాడు ఆ హోటల్ ఓనరు పిలిస్తే వెళ్లి, ఎంపిక చేసేవాళ్లలో గురువుగారితో పాటు నేనూ కూర్చున్నాను. ఓనరు జోగారావుగారు కాత్యాయనిని ఎంతో మర్యాదగా అడిగారు: "పెళ్లిళ్ల సీజన్లో పద్నాలుగు గంటలు ఇక్కడే ఉండాలమ్మా. మరి ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు?"

అత్తగారున్నారనీ, బడి నుంచి భర్త తీసుకొస్తారనీ ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మేమందరం గంభీరంగా తలలాడించాం. నేనైతే కాగితం మీద రాసుకున్నాను కూడా. ఆవిణ్ణి పంపబోతుంటే గురువుగారు, "ఉండనీండి, మా శిష్యురాలే" అని ఓ పక్కన కూర్చోబెట్టారు. ఓనరుకి నచ్చలేదు గానీ పెద్దాయన మాట కాదనలేకపోయారు.

తర్వాత సుదర్శనం వచ్చాడు. ఆవిడకంటే నాలుగేళ్లు జూనియరు, ముగ్గురు పిల్లల తండ్రి. కొత్త ఫంక్షన్ హాలు గురించి అడిగితే బాగానే చెప్పాడు. అతను లేవబోతుంటే గురువుగారు, ఓనరెంత మర్యాదగా అడిగారో అంత మర్యాదగానూ అడిగారు: "పద్నాలుగు గంటలు ఇక్కడే ఉంటావు కదా నాయనా. మరి ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు?"

గది ఘొల్లుమంది. సుదర్శనం నవ్వాడు, ఓనరు నవ్వారు, నేను కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. కళ్లు తుడుచుకుని చూస్తే కాత్యాయని నన్నే చూస్తోంది. నాకు సిగ్గేసింది.

"భలే సరదా మనిషండీ మీరు," అన్నారు ఓనరు.

గురువుగారు నవ్వలేదు. "ఇది సరదా ప్రశ్నే అయితే, ఇందాక ఆవిణ్ణడిగినప్పుడు మనమెందుకు నవ్వలేదండీ?" అన్నారు.