నత్త గీసే వెండిగీత

ఒకప్పుడు నత్త నడిస్తే నేలమీద గీత పడేది కాదు. ఇది చిన్న కథ. మీరు జామకాయ కొరికి నమిలేలోపు అయిపోతుంది. అయితే ముందు కాలువగట్టు మీది కప్ప సంగతి చెప్పాలి. జలుబు చేసిందని కప్ప ఎవరితోనూ మాట్లాడేది కాదు, కానీ అందరి మాటలూ వినేది. పీత సంగతి ఇంకా బాగుంటుంది. పక్కింటికి పేరంటానికని బయలుదేరి, పక్కకు పక్కకు నడిచి, ఎవరిదో పెళ్ళిలో భోంచేసి వచ్చింది. సరే, పీతను వదిలేద్దాం.

ఆ గట్టు కిందే కుందేలు చెవులయ్య తోటకూర మడి వేశాడు. ఒకరోజు పొద్దున్నే చూస్తే కాడలే మిగిలాయి. పక్కన నత్తగుల్ల పెచ్చు ఒకటి పడి ఉంది.

ఆ రోజుల్లో తగువులు తీర్చేది వాన. చెవులయ్య వాన దగ్గరికి పరుగెత్తాడు.

"నత్తలు నా మడి తినేశాయి! జాతి మొత్తాన్నీ ఉప్పుమళ్ళలోకి తోలెయ్యి!"

ఉప్పు తగిలితే నత్త కరిగిపోతుంది. అది చెవులయ్యకు తెలుసు. అందుకే అడిగాడు.

నత్తల్లో పెద్దది నూకాలత్త. కొమ్ములెత్తి ముందుకు వచ్చింది. రావడానికి కాస్త సమయం పట్టింది. అందరూ ఆగారు.

"తిన్నదెవరు చెవులయ్యా?"

"నత్త."

"ఏ నత్త?"

"ఏదైతే ఏమిటి? మీరంతా ఒకేలా ఉంటారు."

"మొన్న బొబ్బర్ల చేను మేసింది మీ బావమరిది. దానికి నిన్ను ఎవరైనా ఏమన్నా అన్నారా?"

చెవులయ్య చెవి గోక్కున్నాడు. పొడుగు చెవి కాబట్టి చాలాసేపు గోక్కున్నాడు.

నూకాలత్త వాన వైపు తిరిగింది. "వానమ్మా, తప్పు చేసినవాణ్ణి ఉప్పుమళ్ళకు పంపు, నేను అడ్డురాను. వాడి తప్పుకు మా పిల్లల్ని కరిగించకు. నిన్న మేం నడిచిన దారులన్నీ మెరిసేలా చెయ్యి. ఇకమీదట కూడా మెరవనీ. ఎవరి నడక వాళ్ళం ఒప్పుకుంటాం."

"అత్తా, మన గుట్టంతా బయటపడుతుందే!" అని నత్తలు గోలపెట్టాయి.

"పడనీ. తలదించుకుని బతికే జాతి కాదు మనది."

"మా ఆవిడ మాటంటే మాటే!" అని ఆమె మొగుడు గవర్రాజు అందరికంటే గట్టిగా అన్నాడు.

వాన సన్నగా జల్లు కురిసింది. నేలంతా వెండిగీతలు తేలాయి. జ్వరంతో మంచం దిగలేదన్న నత్త గీత మూడిళ్ళు తిరిగి వచ్చింది. వియ్యపురాలితో మాటల్లేవన్న నత్త గీత ఆవిడ గుమ్మంలోనే ఉంది. కప్పకు జలుబు తగ్గిపోయింది, గీతలన్నీ పైకి చదివింది.

తోటకూర మడికి మాత్రం ఒక్కటే గీత. అందరూ దాని వెంటే నడిచారు. అది నూకాలత్త ఇంట్లోకి వెళ్ళింది. ఎప్పుడు జారుకున్నాడో, లోపల గవర్రాజు ఉన్నాడు. గుల్ల అంచు విరిగి ఉంది.

చెవులయ్యే నసిగాడు. "పోనీలే అత్తా, తోటకూరేగా..."

"మాటంటే మాటే," అంది నూకాలత్త. కొమ్ములు దించలేదు.

గవర్రాజు ఒక్కడే ఉప్పుమళ్ళకు బయలుదేరాడు. మిగతా నత్తలను ఎవరూ ఏమీ అనలేదు. ఉప్పుమళ్ళు అక్కడికి రెండు ఆమడల దూరం. నత్త కదా, ఇంకా చేరలేదు.

అప్పటినుంచే నత్త ఎక్కడికి వెళ్ళినా తన దారిని తనే వెండితో గీసుకుంటూ, కొమ్ములెత్తుకుని మరీ వెళుతుంది.