పోలమ్మ కోసిన వల

సముద్రానికి అవతలి ఒడ్డు ఎవరూ చూడని రోజుల నాటి మాట. అప్పుడు మా రేవులో పోలమ్మ అనే మంత్రసాని ఉండేది. పురుళ్లు లేని రోజు ఒడ్డున కత్తిపీట వేసుకుని చేపలు కోసేది. ఓ గుడిసె, కొడుకు దానయ్య, అతని పడవ. అంతే ఆవిడకున్నది.

ఒడ్డుకి ఎదురుగా నీళ్లలో ఓ పెద్ద బండ ఉంది. ఎర్రటి గులివింద చేపలు గుడ్లు పెట్టేది అక్కడే. అందరూ అక్కడే వలలేస్తే ఏడాదికేడాది చేప తగ్గిపోయింది. మరి బండని ఎవరు కాయాలి?

రాజుగారి మనిషి వచ్చి, "నేను కాస్తాను. ఈ పౌర్ణమి నుంచి ఆ పౌర్ణమి దాకా ఎవరూ వెళ్లొద్దు" అన్నాడు. చేపలు ఆ పౌర్ణమి దాటాకే గుడ్లతో వచ్చాయి.

"బాబూ, చేపలకి పంచాంగం ఎవరు చదివి చెప్పారు?" అంది పోలమ్మ.

బండ మాత్రం ఖాళీ అవుతూనే ఉంది.

కులపెద్ద వచ్చి, "నేను కాస్తాను" అన్నాడు. కాశాడు. అల్లుడి పడవ తప్ప అన్నీ ఆపాడు. ఆయన ఎవరి ముత్తాతో నాకు తెలుసు. చెప్పను.

"అల్లుడి వల చేపల్ని పట్టదా పెద్దయ్యా?" అంది పోలమ్మ.

బండ మాత్రం ఖాళీ అవుతూనే ఉంది.

పక్క రేవు వాళ్లు కర్రలతో వచ్చి, "మేం కాస్తాం" అన్నారు. మా వాళ్లని తరిమి, వాళ్లే పట్టుకుపోయారు. ఇప్పటికీ కాదనే అంటారు. అననీ.

అప్పుడు పోలమ్మ ఓ చేప కడుపు నొక్కి చూసింది. చేతికి గుడ్లు తగిలాయి. వేపమండ తెచ్చి కొడుకు పడవకి కట్టింది.

"ఏటమ్మా ఇది?" అన్నాడు దానయ్య.

"బండ ఇప్పుడు పురిటిల్లురా. గుమ్మానికి మండ కట్టాక మగాడు లోపలికి పోతాడా?"

"ఎవరు చెప్పారు?"

"ఇన్ని పురుళ్లు పోసిన చెయ్యి చెప్పింది."

దానయ్య విన్నాడా? వినలేదు. ఇంట్లో పిడికెడు నూకలు తప్ప ఏం లేవు, పెళ్లానికి నెలలు నిండాయి. మండ పీకేసి వెళ్లి, పడవ నిండా చేపలతో వచ్చాడు. ఏ చేప కడుపు చూసినా గుడ్లే. ఊరంతా పోలమ్మ వైపు చూసింది. కన్నకొడుకుని ఏం చేస్తుంది?

కేకలు వేయలేదు. కత్తిపీట ముందు కూర్చుని కొడుకు వల లాక్కుంది. మూడు వానాకాలాలు తనే కూర్చుని అల్లిన వల. మూడు ముక్కలు కోసింది.

"అమ్మా, ఇంక తినేదేటి?"

"గంజి. నేనూ అదే తాగుతాను."

మర్నాటి నుంచి గుడ్ల కాలం అయ్యేదాకా, మా రేవుదైనా పక్క రేవుదైనా, ఏ పడవా బండ వైపు కదల్లేదు. పై ఏడు బండ చుట్టూ నీళ్లు ఎర్రగా కనిపించాయట, అన్ని గులివిందలు.

పోలమ్మ పోయి ఎన్ని తరాలైందో. ఇప్పటికీ మా రేవులో చేపలు కోసే ఆడవాళ్లే కడుపులు నొక్కి చూస్తారు. గుడ్లు తగిలితే ముందు తమ ఇంటి పడవకి మండ కడతారు, తర్వాతే మిగతావాళ్లకి. బండ మీద పెత్తనానికి ఎవరొచ్చినా, కత్తిపీట మీంచి తలెత్తకుండా ఒకటే అడుగుతారు.

"నీ వల కోశావా, బాబూ?"