కొండెక్కిన కోవెల

యాత్రికులకు ముందుగా ఒక మనవి. ఇక్కడ కొండ లేదు. ఆటో దిగి తల పైకెత్తి కొండ కోసం వెతకడం కొత్తవారందరికీ మామూలే. పాతరేవు ఊరి బయట, ఉప్పుమడుల నడుమ కనిపించేవి పైకప్పు లేని నాలుగు రాతిగోడలు, పడమటి గోడలో ఒక ఖాళీ గూడు. విగ్రహం ఎన్నడూ లేదు. ఇది యూదుల ప్రార్థనామందిరం.

పూర్వం ఇక్కడ ఓడ వ్యాపారం చేసే యూదుల కుటుంబాలు కొన్ని కాపురముండేవి. వారి పెద్ద మోర్దెకై. నోరు తిరగక ఊరివారు మర్దికయ్య అంటే, ఆయన ఆ పిలుపుకే పలికేవాడు. శుక్రవారం పొద్దుగూకక ముందే మందిరంలో దీపాలు పెట్టేవాడు. శనివారం చీకటిపడేదాకా వారు నిప్పు ముట్టించరు, ఆర్పరు. ఒక శనివారం పొరుగింటి కుమ్మరి పోలమ, పొగచూరుతున్న దీపాన్ని ఆర్పబోయింది. ఆయన వారించాడు.

“ఈ పూట ఇక్కడి నిప్పు మనిషి ఆర్పకూడదమ్మా. దానంతటదే కొండెక్కాలి.”

దీపం ఆరిందనడం మనకూ అశుభమే కదా. పరదేశి నోట మన మాట విని పోలమ మురిసిపోయి ఊరంతా చెప్పుకుంది.

ఆ వేసవిలో పెళ్ళికని ఆ కుటుంబాలన్నీ ఓడెక్కి మరో రేవుకు వెళ్ళాయి. కాళ్ళు పడిపోయిన మర్దికయ్య ఒక్కడే మందిరంలో ఉండిపోయాడు. శనివారం వడగాలికి వేలాడే దీపం ఊగి తాటాకు కప్పు అంటుకుంది. ఊరు ఊరంతా కడవలతో పరుగెత్తుకొచ్చింది. పోలమ చేతులు చాచి అడ్డం నిలబడింది.

“ఆగండి! ఇయ్యాల ఈ నిప్పు మనం ఆర్పకూడదు. ఆయనే సెప్పాడు. పాపం సుట్టుకుంటది!”

లోపలినుంచి “మయిం! మయిం!” అని కేకలు. ఆ పొగలో ముసలాయనకు తెలుగు మరుపొచ్చింది. తన దేవుణ్ణి పిలుచుకుంటున్నాడనుకుని, వారు నిండు కడవలు దించి చేతులు జోడించారు. కప్పు కూలింది.

కాలిపోయిందనడానికి ఎవరికీ నోరు రాలేదు. కోవెల కొండెక్కిందన్నారు. ఆ పేరే నిలిచింది.

ఓడ తిరిగొచ్చాక ఆయన కొడుకు ఎలియాజరు జరిగినదంతా పోలమ నోట విన్నాడు.

“ప్రాణం మీదికొస్తే మాకు ఏ నియమమూ లేదక్కా. మయిం అంటే నీళ్ళు.”

ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. గాలి అనుకూలించగానే ఆ కుటుంబాలు రేవు విడిచి వెళ్ళిపోయాయి. పోలమ బతికినన్నాళ్ళూ చల్లారిన ఆ గోడల మీద నీళ్ళు పోస్తూనే ఉంది.

నేటికీ శనివారం ఇక్కడికి వచ్చినవారు పక్కనున్న ఏటినుంచి కడవ ముంచి తెచ్చి, “మయిం” అంటూ గడప మీద పోస్తారు. వారి ఇంటికి అగ్నిభయం ఉండదని నమ్మకం. పూజారి లేడు, టికెట్టు లేదు. పోయవచ్చా అని మాత్రం ఇక్కడ ఎవరినీ అడగకూడదు.